త్రిభుజాల మెష్‌ను ముఖాల మధ్య కోణం కొలిచి సరళం చేయడం ఎలా?

ఎస్‌టీఎల్ అనే 3డీ ఫైల్‌గా వచ్చిన యంత్రభాగాన్ని రైనో అనే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, ఒకే చదునుగా ఉండవలసిన పలక మీద కూడా అడ్డదిడ్డంగా త్రిభుజాల గీతలు కనిపిస్తాయి. ఇలా త్రిభుజాలను అతికి చేసిన ఉపరితలమే మెష్. వాటిని తగ్గించడానికి చాలామంది రెడ్యూస్‌మెష్ కమాండ్‌కు, ఎన్ని త్రిభుజాలు మిగలాలో చెబుతూ ఏదో ఒక సంఖ్య ఇచ్చేస్తారు. ఆ సంఖ్య అవసరమైన దానికన్నా తగ్గితే మూలలు జరిగిపోతాయి, బోల్టు రంధ్రాల గుండ్రదనం చెడుతుంది. స్కాన్ చేసిన శిల్పానికి ఆ పద్ధతి చాలు. యంత్రభాగాలకు, కట్టడాలకు మాత్రం కోణం కొలిచే పద్ధతే సరైనది, ఎందుకంటే ఇందులో మిగిలిన శీర్షాలేవీ తమ చోటు నుంచి కదలవు.

మొదట మెష్‌ను గ్రాస్‌హాపర్ (రైనోలో కాంపొనెంట్లనే పెట్టెలను కలిపి ప్రోగ్రామ్ చేసే సాధనం) లోకి తెచ్చి, ఒకేచోట ఉన్న శీర్షాలను కలిపి, నార్మళ్లన్నిటినీ, అంటే ముఖాలకు లంబంగా ఉండే దిశలను, బయటివైపుకు తిప్పాలి. ఎస్‌టీఎల్‌లో ప్రతి త్రిభుజమూ తన మూడు శీర్షాలను విడిగా రాసుకుంటుంది కనుక, 12 త్రిభుజాలున్న ఘనానికి 36 శీర్షాలు ఉంటాయి. కలిపిన తరువాత 8 మిగలాలి. ఆపై ప్రతి అంచుకు ఇరువైపుల ముఖాల నార్మళ్ల మధ్య కోణం కొలవాలి. ఘనానికి ఉన్న 18 అంచుల్లో, 6 కర్ణాల దగ్గర 0 డిగ్రీలు, మిగిలిన 12 దగ్గర 90 డిగ్రీలు వస్తాయి. గ్రాస్‌హాపర్‌లోని యాంగిల్ కాంపొనెంట్ జవాబును రేడియన్లలో ఇస్తుందని మరవకూడదు.

తరువాత ఒకే చదునులో ఉన్న ముఖాలను గుంపులుగా చేర్చాలి, అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. పక్కపక్క ముఖాల మధ్య కోణం మనం పెట్టుకున్న హద్దులోపల ఉంటే చాలునని కలుపుకుంటూ పోవడమే అందరూ చేసే తప్పు. 72 పలకలతో చేసిన స్తంభాన్ని తీసుకుంటే, పక్కపక్క పలకల మధ్య తేడా 5 డిగ్రీలే. హద్దును 6 డిగ్రీలుగా పెడితే మొదటి పలక రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని కలుపుకుంటూ చుట్టంతా తిరిగి వచ్చి, స్తంభం మొత్తం ఒకే ముఖమైపోతుంది. అందువల్ల ప్రతి గుంపునూ అన్నిటికన్నా పెద్ద త్రిభుజంతో మొదలుపెట్టి, కొత్తగా చేరబోయే ముఖాన్ని పక్క ముఖంతో కాక, ఆ మొదటి త్రిభుజపు నార్మల్‌తోనే పోల్చాలి. ఇందుకు వెనక్కి తిరిగి వచ్చే లూప్ అవసరం కాబట్టి, దీన్ని పైథాన్ కాంపొనెంట్‌లో రాసుకోవాలి. హద్దు 0.5 డిగ్రీ ఉండాలి, అంతకు మించకూడదు.

సన్నని చీలికల్లాంటి త్రిభుజాల విషయంలో కోణాన్ని అసలు నమ్మకూడదు. త్రిభుజం ఎత్తు 0.01 మిల్లీమీటరే అయినప్పుడు, ఒక శీర్షం 0.001 మిల్లీమీటరు పైకి జరిగినా నార్మల్ దాదాపు 5.7 డిగ్రీలు వాలిపోతుంది. అలాంటి త్రిభుజం నిజానికి పలకలో భాగమే అయినా, కోణం పరీక్షలో తప్పిపోతుంది. కనుక వాటికి కోణం బదులు, గుంపు తలం నుంచి శీర్షాల దూరం కొలిచి, అది 0.01 మిల్లీమీటరు లోపలుంటే చేర్చుకోవాలి. పైథాన్‌లో కోణాన్ని ఆర్క్‌కోసైన్‌తో లెక్కిస్తే, ఒక యూనిట్ పొడవున్న రెండు నార్మళ్ల డాట్ లబ్ధం 1ని లేశమంత దాటినా లెక్క ఆగిపోతుంది. క్రాస్ లబ్ధం పొడవునూ, డాట్ లబ్ధాన్నీ కలిపి, కోణాన్ని లెక్కించే ఏటాన్2 ఫంక్షన్‌కు ఇవ్వడమే క్షేమం, చిన్న కోణాలు కూడా అందులోనే సరిగ్గా వస్తాయి.

గుంపులు తేలాక, ప్రతిదాని సరిహద్దును, లోపలి రంధ్రాల సరిహద్దులతో సహా తీసుకొని, తిరిగి త్రిభుజాలుగా విడగొట్టాలి. సరళరేఖ మీద పడిన శీర్షాన్ని తొలగించాలంటే, అది సరిగ్గా రెండు గుంపుల మధ్యనే ఉండాలి, రెండింటి సరిహద్దుల నుంచీ ఒకేసారి తీసేయాలి. మూడు గుంపులు కలిసే శీర్షం జోలికి పోకూడదు. ఒకవైపే తీసేస్తే అక్కడ సన్నని పగులు ఏర్పడుతుంది. తెరమీద అది కంటికి ఆనదు గానీ, మెష్ మూసుకున్న ఘనరూపంగా మిగలదు. చివరగా ఏ అంచూ ఒకే ముఖంతో ఒంటరిగా మిగలలేదని చూసుకొని, సరళం చేయకముందు, చేసిన తరువాత ఉన్న ఘనపరిమాణాలను పోల్చాలి. తేడా ఏమాత్రం ఎక్కువగా కనిపించినా హద్దు స్లైడర్‌ను తగ్గించి మళ్లీ చూడాలి.