ఈవీ బ్యాటరీ తయారీలో పొల్యూషన్ ఎంత? మీరే లెక్కేస్కోండి ఇలా

ఈవీ బ్యాటరీ తయారీకే బోలెడు పొల్యూషన్ అని ఒకళ్ళు, అబ్బే అసలు జీరో ఎమిషన్ అని ఇంకొకళ్ళు కొట్టుకుంటూనే ఉంటారు గానీ, కాలిక్యులేటర్ తీస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయే లెక్క ఇది.

ముందు బ్యాటరీ ఎన్ని కిలోవాట్ అవర్లో చూడండి (ఒక కిలోవాట్ అవర్ అంటే ఒక యూనిట్ కరెంటు). స్వీడన్‌లోని ఐవీఎల్ అనే రీసెర్చ్ సంస్థ 2019 లెక్క ప్రకారం ఒక్కో కిలోవాట్ అవర్ తయారీకి 61 నుంచి 106 కిలోల కార్బన్ డయాక్సైడ్ (2017లో వీళ్ళే 150-200 అన్నారు, ఆ పాత నంబర్లే ఇంకా ఫార్వర్డ్ అవుతుంటాయి, చూస్కోండి). మనం 80 పట్టుకుందాం. 60 కిలోవాట్ అవర్ బ్యాటరీకి 4,800 కిలోలు, 30దైతే అందులో సగం.

ఇప్పుడు పెట్రోల్ కారుతో పోలిస్తే ఈ తయారీ అప్పు ఎన్ని కిలోమీటర్లలో తీరుద్దో చూద్దాం. లీటర్ పెట్రోల్ కాలిస్తే దాదాపు 2.3 కిలోలు, మైలేజీ 15 అనుకుంటే కిలోమీటరుకి దాదాపు 155 గ్రాములు. ఈవీ కిలోమీటరుకి 0.15 యూనిట్లు తాగుద్ది అనుకోండి, బొగ్గు కరెంటు ఎక్కువైన చోట యూనిట్‌కి 700 గ్రాములు వేస్కుంటే 105 అయింది, అంటే మిగిలేది 50 గ్రాములే, 4,800 కిలోలు తీరడానికి 96,000 కిలోమీటర్లు! అదే క్లీన్ కరెంటు, యూనిట్‌కి 100 గ్రాములే అయితే 34,000కే తీరిపోద్ది. పెట్రోల్ తవ్వి, రిఫైన్ చేసే పొల్యూషన్ ఇందులో కలపలేదు, కలిపితే ఇంకా ముందే.

తర్వాత బ్యాటరీ రకం ఎల్‌ఎఫ్‌పీనా (లిథియం, ఐరన్, ఫాస్ఫేట్), ఎన్‌ఎంసీనా (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) అని అడగండి. ఎల్‌ఎఫ్‌పీలో నికెల్, కోబాల్ట్ ఉండవు. ప్రపంచ కోబాల్ట్‌లో దాదాపు 70 శాతం కాంగోదే, అక్కడి చిన్న గనుల్లో పిల్లలతో కూడా పని చేయిస్తారు, నికెల్‌లో సగం పైన ఇండోనేషియాది, అడవులు కొట్టి తవ్వి బొగ్గు కరెంటుతో కరిగిస్తారు. బరువు కాస్త ఎక్కువైనా నా ఓటు ఎల్‌ఎఫ్‌పీకే. అలాగని అది శుద్ధపూస ఏం కాదు, లిథియం, గ్రాఫైట్ రెండిట్లోనూ ఉంటాయి. సింథటిక్ గ్రాఫైట్‌ని 3,000 డిగ్రీల దగ్గరదాకా కాల్చాలి, ఆ కరెంటు ఎక్కడిదన్నదే అసలు పాయింటు. చిలీ అటకామాలో ఉప్పునీళ్ళు తోడి ఎండబెట్టి లిథియం తీస్తారు, అసలే వానలు పడని ఎడారి. అక్కడి నీళ్ళ నష్టం పైన మనం వేసిన కార్బన్ లెక్కలో ఎక్కడా కనపడదు, దాన్ని విడిగానే చూడాలి.

యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఈవీ బ్యాటరీకి డిజిటల్ పాస్‌పోర్ట్ తప్పనిసరి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ బ్యాటరీ వివరాలొస్తాయి. అప్పటిదాకా మీ చేతిలో ఉన్నది సైజు, రోజూ తిరిగే దూరానికి మించి పెద్ద బ్యాటరీ తీస్కోకండి.