కువైట్‌కి కొత్తగా వచ్చిన మన గోదావరి వాళ్ళకి: ఇంటి నుంచి వచ్చే పెద్ద ప్రశ్నల గురించి

రాజోలు, అమలాపురం, నర్సాపురం, పాలకొల్లు వైపు నుంచి కొత్తగా వచ్చిన వాళ్ళకి సిమ్ గురించి, అకామా (ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) గురించి చెప్పేవాళ్ళు రూమ్‌లోనే దొరుకుతారు. నేను చెప్పదలచింది వేరే. మొదటి ఏడాదిలోనే ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. పొలం అమ్మేద్దామా? పొలంలో రొయ్యల చెరువు తవ్విద్దామా? పిల్లకి సంబంధం ఖాయం చేసేద్దామా? "రేపు పొద్దున్నకల్లా చెప్పు" అంటారు. ఇక్కడ రాత్రి పదిన్నర అంటే అక్కడ ఒంటిగంట. మీరు పని చేసి అలిసిపోయి ఉంటారు, వాళ్ళు టెన్షన్‌తో నిద్రపోకుండా ఉంటారు. ఆ వేళప్పుడు దేనికీ సరేననకండి. "శుక్రవారం మాట్లాడదాం" అనండి. నాలుగు రోజులు కూడా ఆగనంటున్న బేరగాడిని కాస్త అనుమానించాల్సిందే.

ఈలోగా ఒక్కటి ఆలోచించండి: రేపు వద్దనుకుంటే వెనక్కి తీసుకోగలమా? కౌలుకిస్తే వచ్చే ఏడు మనిషిని మార్చుకోవచ్చు. అమ్మితే అలా కాదు. చాలామందికి తెలియని సంగతి ఇది. ఇక్కడ ఉద్యోగం చేస్తున్నంతకాలం మనం ఎన్నారైలమే. ఫెమా (విదేశీ మారకం చట్టం) నిబంధనల ప్రకారం ఎన్నారై మన దేశంలో వ్యవసాయ భూమి కొనకూడదు. ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. అంటే ఇవాళ అర ఎకరం అమ్మేసి, రెండేళ్ళలో డబ్బు కూడబెట్టి, ఇక్కడ ఉంటూనే మీ పేరున మళ్ళీ చేను కొంటానంటే కుదరదు. చెరువు సంగతీ అంతే. లీజు డబ్బు కౌలు కంటే ఎక్కువే కనిపిస్తుంది. కానీ రొయ్యలకి ఉప్పునీరు పెట్టిన నేలని మళ్ళీ సార్వా (వానాకాలం వరి) ఊడ్పులకి తేవడం చాలా కష్టం, పక్కవాళ్ళ చేనూ దెబ్బతింటుంది.

అప్పు ఉంటే లెక్క కాగితం మీద వేయండి. 3 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకి 6,000, ఏడాదికి 72,000. అంత కట్టినా అసలు పైసా తగ్గదు. మీరు నెలనెలా ఎంత పంపగలరు, ఇంటి ఖర్చు పోగా అందులో ఎంత మిగులుతుంది, కొబ్బరి దింపుకి ఏం వస్తుంది, దాళ్వాకి (రెండో పంట వరికి) కౌలు ఎన్ని బస్తాలు, అన్నీ రాయండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఆ వడ్డీ అప్పు తీర్చేయడం నయం, అక్కడ వడ్డీ చాలా తక్కువ. మూడేళ్ళలో తీరేటట్టుంటే పొలం జోలికి పోవద్దనే నా మాట. తీరే దారి కనిపించకపోతే మాత్రం నాన్నగారి పొలమని పట్టుకు కూర్చోకండి, కొంత ముక్క అమ్మి బయటపడండి. అందులో నామోషీ ఏమీ లేదు.

అమ్మక తప్పకపోతే జనరల్ పవర్ (మీ తరఫున అన్ని పనులకీ సంతకం పెట్టే అధికారం) ఇవ్వకండి. ఆ సర్వే నంబరుకి, ఆ ఒక్క పనికే స్పెషల్ పవర్ రాయించి ఎంబసీ అటెస్టేషన్ చేయించండి. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. సొంత తమ్ముడికైనా ఇలాగే ఇవ్వండి.

పెళ్ళి విషయంలో నేను చెప్పేది తక్కువ. పిల్లతో మీరే ఒంటరిగా మాట్లాడండి, స్పీకర్ ఆపమని చెప్పండి.

ఇళ్ళలో పనికి వచ్చిన అక్కచెల్లెళ్ళకి ఇంకో మాట. కఫీల్‌ని (వీసా ఇచ్చిన యజమానిని) వదిలేసి ఖల్లివల్లిగా, అంటే దొంగచాటుగా, బయట చేసుకుంటే డబ్బులెక్కువని ఎవరో ఒకరు చెబుతారు. పారిపోయారని కేసు పడితే అకామా పోతుంది, దొరికితే వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు, తిరిగి రావడం ఉండదు. అది జీతం లెక్క ఒక్కటే చూసుకుని వేసే అడుగు కాదు. కానీ కొడుతున్నా, జీతం ఆపేసినా సంగతి వేరు. ఇక్కడి 2015 నాటి ఇంటిపనివాళ్ళ చట్టం వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలంటుంది, రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదంటుంది, పాస్‌పోర్టు లాక్కోవడాన్నీ ఒప్పుకోదు. దెబ్బలు తింటున్నప్పుడు శుక్రవారం దాకా ఆగకండి, ఊళ్ళో అప్పు గుర్తు చేసుకుని ఓర్చుకోకండి. పాస్‌పోర్టు చేతిలో లేకపోయినా సరే, నేరుగా మన ఎంబసీకి వెళ్ళండి.