గూగుల్‌లో ఒట్టి లింకులే కావాలంటే

ఏదైనా వెతికితే ఇప్పుడు ముందు ఏఐ సారాంశం, దాని కింద వీడియోలు, ప్రశ్నలు... అసలు వెబ్‌సైటు కోసం రెండు మూడు స్క్రీన్లు కిందికి జరపాల్సి వస్తోంది.

మొన్న నాన్నగారి పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ సైటు వెతుకుతుంటే దీనికో దారి కనిపించింది. ఫలితాల పైన ఆల్, ఇమేజెస్, వీడియోస్ అని వరస ఉంటుంది కదా, దాన్ని ఎడమవైపుకి జరపండి. చివర్లో ‘వెబ్’ అని ఉంటుంది, లేదంటే ‘మోర్’ నొక్కితే అందులో ఉంటుంది. అది నొక్కగానే సారాంశం పోయి, లింకులు వరసగా వస్తాయి. 2024 మే నుంచీ ఉన్నదే, చాలామంది అంతవరకూ జరిపి చూడరు.

కంప్యూటర్‌లో అయితే ఫలితాల పేజీ అడ్రసు చివర ఆంపర్సండ్ (&) గుర్తు, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో యు డి ఎం, ఈక్వల్ గుర్తు, 14 అని ఖాళీ లేకుండా కలిపి కొట్టి ఎంటర్ నొక్కినా చాలు.

క్రికెట్ స్కోరు, వాతావరణం, దగ్గర్లోని మెడికల్ షాపు మ్యాపు లాంటివి మాత్రం ఇందులో నేరుగా రావు. వాటికి మళ్లీ ‘ఆల్’ నొక్కాలి.