రికార్డు తెరవగానే చెయ్యి ఫోన్ మీదకి పోతోందా? ఇలా చేసి చూడండి

సోమవారం ల్యాబ్ రికార్డు ఇవ్వాలి, ఆదివారం రాత్రి పదకొండయినా ఒక్క ప్రయోగం కూడా రాయలేదు, రీల్స్ మాత్రం ఆగకుండా నడుస్తున్నాయి. దీన్ని బద్ధకం అనుకోకండి, బద్ధకమే అయితే హాయిగా పడుకునేవారు కదా! రికార్డు తెరవగానే 'ఇది నాకు అర్థం కాలేదు, వైవాలో దొరికిపోతాను' అనే టెన్షన్ మొదలవుతుంది, ఫోన్ తీస్తే అది కాసేపు పోతుంది, మెదడు ఆ ఊరటకే అలవాటు పడుతుంది. పైగా రీల్స్‌లో తర్వాత ఏమొస్తుందో తెలియదు. ఎప్పుడొస్తుందో తెలియని గింజ కోసం పావురాలు మీటను పొడుస్తూనే ఉంటాయని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాల్లో ఎప్పుడో తేలింది.

కాబట్టి రంగురంగుల పెన్నులతో టైమ్‌టేబుల్ గీయడం మానేయండి (అది కూడా వాయిదా వేయడమే). ఫోన్ తీయబోయే ముందు దేన్నుంచి తప్పించుకుంటున్నారో ఒక్క మాట కాగితం మీద రాయండి: భయమా, బోరా, అర్థం కాకపోవడమా? అర్థం కాకపోతే పక్క రూమ్‌లో తెలిసినవాణ్ణి అడగాలి, దానికి పట్టుదలతో పనిలేదు.

తర్వాత పనిని బాగా తగ్గించండి. 'రికార్డు పూర్తి చేయాలి' అనుకుంటే మళ్లీ భయమే, 'మెస్‌లో టిఫిన్ అవగానే లైబ్రరీకెళ్లి మూడో ప్రయోగం ఎయిమ్ రాస్తా' అనుకుంటే కుదురుతుంది. ఎప్పుడు, ఎక్కడ చేస్తామో ఇలా ముందే ముడిపెట్టుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని మనస్తత్వవేత్త పీటర్ గాల్విట్జర్ 1999లోనే రాశాడు. యాప్ టైమర్లను నేను పెద్దగా నమ్మను, ఇంకో పదిహేను నిమిషాలు అని మనమే నొక్కేస్తాం. ఫోన్‌ని ఫ్రెండ్ చేతికిచ్చి రావడమే నయం.

ఒకరోజు తప్పితే మాత్రం తిట్టుకోకండి, ఆ తిట్టు ఇంకో టెన్షన్ తెస్తుంది, దాన్ని తీర్చడానికి మళ్లీ ఫోనే. కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి పరీక్షకి చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న ఫస్టియర్ విద్యార్థులు రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారు.

డబ్బులు పెట్టి ఆడే గేములు, వాటి కోసం లోన్ యాప్‌లు, రోజూ మందు దాకా పోతే ఈ చిట్కాలు చాలవు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416కి కాల్ చేయండి: ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. సెమ్ పరీక్షల ముందురోజు దాకా ఆగకుండా, మిడ్స్ అప్పుడే చేయండి.