సింగపూర్‌లో బయట తినడం: కొత్తగా వచ్చినవాళ్ల కోసం

సింగపూర్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది మొదటి రెండు మూడు నెలలు ఒకే దారిలో తిరుగుతుంటారు. వారమంతా ఇంట్లో కుక్కర్ అన్నం, ఆఫీసుకి డబ్బా, ఆదివారం లిటిల్ ఇండియాకి వెళ్లి మసాలా దోసె. అడిగితే "ఇక్కడి తిండి మనకి పడదండీ, అంతా చేపలూ పందిమాంసమే" అంటారు. సగం నిజమే. కానీ ఎక్కడ కూర్చోవాలో, ఏం అడగాలో, బిల్లు ఎలా చూసుకోవాలో తెలిస్తే శాకాహారులకి కూడా ఈ ఊళ్లో పెద్ద కష్టం ఉండదు, జేబుకి కూడా మంచిదే.

ముందు తెలియాల్సింది హాకర్ సెంటర్ గురించి. ఒకప్పుడు రోడ్ల మీద బండ్లు పెట్టుకుని అమ్మేవాళ్లని ప్రభుత్వం కప్పు వేసిన సెంటర్లలోకి మార్చింది, అవే ఇవి. వరసగా చిన్న చిన్న స్టాళ్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు, ఏసీ ఉండదు, ఫ్యాన్లు ఉంటాయి. 2020లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక మీ హెచ్‌డీబీ (ప్రభుత్వం కట్టిన ఫ్లాట్ల) బ్లాకు కింద కనిపించే చిన్నదాన్ని కాపీషాప్ అనో కోపిటియమ్ అనో అంటారు. మాల్స్‌లో ఏసీతో ఉండేది ఫుడ్ కోర్టు. తిండి దాదాపు ఒకటే, ధరలు వేరు: హాకర్ సెంటర్లో నాలుగు నుంచి ఏడు డాలర్లలో పూట గడిచిపోతుంది, ఫుడ్ కోర్టులో దానికి ఇంకో రెండు మూడు డాలర్లు వేసుకోండి, ఆ తేడా ఏసీకి కట్టే అద్దె అనుకోవచ్చు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆఫీసుల దగ్గరి హాకర్ సెంటర్‌కి వెళ్తే ఖాళీ బల్లల మీద టిష్యూ ప్యాకెట్టో, గొడుగో, ఆఫీసు ట్యాగో పడేసి ఉంటాయి. ఎవరో మర్చిపోయారనుకుని పక్కకి జరిపి కూర్చోకండి, ఆ సీటు వాళ్లు పట్టుకున్నట్టు. ఇక్కడ దాన్నే చోప్ చేయడం అంటారు. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసినట్టే. మీరూ వేయండి, కాకపోతే టిష్యూ ప్యాకెట్ వేయండి, ఫోన్ వేయకండి. పోదనే ధైర్యం ఇక్కడివాళ్లకి ఉంది కానీ కొత్తలోనే మీకెందుకు ఆ టెన్షన్. బల్ల నంబరు అడిగి తెచ్చిపెట్టే స్టాళ్లు కొన్ని ఉంటాయి, ఎక్కువచోట్ల మనమే తెచ్చుకోవాలి. చేతులు తుడుచుకోవడానికి కాగితాలు ఎవరూ ఇవ్వరు, అందుకని ఆ టిష్యూ ప్యాకెట్‌కి రెండు పనులు. అమ్మేవాళ్లని అంకుల్, ఆంటీ అంటే చాలు, మనకి అలవాటైన పిలుపే.

తిన్నాక ట్రే, ప్లేట్లు, మీరు నలిపి పడేసిన టిష్యూలు అన్నీ తీసుకెళ్లి ర్యాకులో పెట్టాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, 2021 సెప్టెంబర్ నుంచి హాకర్ సెంటర్లలో అలా పెట్టకపోతే జరిమానాలు వేయడం మొదలైంది, తర్వాత ఆ నియమం కాపీషాపులకీ ఫుడ్ కోర్టులకీ వచ్చింది. ర్యాకులు హలాల్‌కి వేరు, మిగతావాటికి వేరుగా ఉంటాయి, పైన బోర్డు చూసి పెట్టండి. పోర్క్ తిన్న ప్లేటు హలాల్ ర్యాకులో పెడితే ఎవరూ అరవకపోవచ్చు, కానీ పక్కవాళ్ల మనసు కష్టపెట్టినట్టే.

డబ్బుల విషయం. ఇక్కడ బ్యాంకు అకౌంట్ తెరిచేవరకు ఫోన్‌తో డబ్బు కట్టే పేనౌ పనిచేయదు, చాలా స్టాళ్లలో కార్డు తీసుకోరు. కాబట్టి మొదటి వారాల్లో పది డాలర్ల నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి. ఐదు డాలర్ల నూడుల్స్‌కి యాభై నోటు తీస్తే ఆంటీ ముఖం చూడలేం. పార్సిల్ కావాలంటే "టేక్ అవే" అన్నా "దబావ్" అన్నా అర్థమవుతుంది, డబ్బాకి ఇరవై ముప్పై సెంట్లు అదనంగా వేస్తారు.

ఇప్పుడు శాకాహారుల సంగతి, దీన్ని కొంచెం ఓపిగ్గా చదవండి. "వెజిటేరియన్?" అని అడిగితే చాలామంది స్టాలువాళ్లు తల ఊపుతారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో ముక్కలు కనిపించకపోతే అది వెజిటేరియనే. ఆకుకూర వేపుడులో బెలాచన్ అనే రొయ్యల ముద్ద ఉండొచ్చు, బీన్స్‌లో ఎండు రొయ్యలు ఉండొచ్చు, ఏ కూరగాయ మీదైనా ఆయిస్టర్ సాస్ పోయొచ్చు. చికెన్ రైస్‌లో చికెన్ తీసేసి అన్నం ఒక్కటే పెట్టమన్నా ఆ అన్నం ఉడికేదే కోడి నీళ్లలో. లక్సా అనే నూడుల్స్ పులుసులో ఎండు రొయ్యలు, నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం పక్కన నెత్తళ్లు, పైన వేసే సాంబల్ కారంలో మళ్లీ రొయ్యలు. అందుకని వెజిటేరియన్ అనే ఒక్క మాటతో ఆగకుండా మీకు వద్దన్నవి పేరుపేరునా చెప్పండి: మీట్ వద్దు, చికెన్ వద్దు, ఫిష్ వద్దు, ప్రాన్ వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు, గుడ్డు కూడా వద్దైతే అదీ. అప్పటికీ మూకుడు అదే, గరిటె అదే. అది మీకు పట్టింపైతే మామూలు స్టాలు జోలికే వెళ్లకండి.

దానికి బదులు చైనీస్ శాకాహార స్టాలు వెతకండి. చాలా పెద్ద హాకర్ సెంటర్లలో ఒకటైనా ఉంటుంది. బౌద్ధ పద్ధతిలో వండేవాళ్లు మాంసంతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు, కార్తీకమాసంలో నియమం పెట్టుకునేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి. (గుడ్డు మాత్రం కొన్నిచోట్ల వాడతారు, అడగండి.) కౌంటర్లో మాంసం ముక్కల్లా, చేపల్లా కనిపించేవి సోయాతోనో గోధుమ గ్లూటెన్‌తోనో చేసినవి, చూసి వెనక్కి రాకండి. పొద్దున పూట బీహూన్ దొరుకుతుంది, సన్నటి బియ్యపు సేమ్యా, ఉప్మా తినేవాళ్లకి వెంటనే నచ్చుతుంది. చాంద్రమానం ప్రకారం నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు, అంటే మన అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో, చైనీయుల్లో చాలామంది మాంసం ముట్టరు. ఆ రోజుల్లో ఈ స్టాళ్ల ముందు క్యూ పెరుగుతుంది, మధ్యాహ్నానికే అయిపోతుంది కూడా. బూగిస్ దగ్గర ఫార్చ్యూన్ సెంటర్ అనే పాత బిల్డింగులో శాకాహార హోటళ్లు చాలా ఉన్నాయి. అక్కడికి దగ్గర్లోనే వాటర్లూ స్ట్రీట్, అందులో చైనీయుల కరుణాదేవత క్వాన్ ఇమ్ గుడి, దాని పక్కనే శ్రీకృష్ణుడి గుడి, చైనీస్ భక్తులు రెండుచోట్లా దండం పెట్టుకుని వెళ్తుంటారు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒక పూటకి మంచి ప్లాన్.

మాంసం తినేవాళ్లు బీఫ్ వద్దనుకుంటే "నో బీఫ్" అంటే చాలు, వింతగా చూడరు, ఇక్కడి చైనీయుల్లోనూ బీఫ్ తిననివాళ్లున్నారు. పోర్క్ వద్దనుకుంటే హలాల్ సర్టిఫికెట్ పెట్టిన స్టాలు సులువైన దారి. మలయ్ నాసి పాడాంగ్ స్టాల్లో అద్దాల వెనక కూరలు పేర్చి ఉంటాయి, వేలు పెట్టి చూపిస్తే అన్నం మీద వేస్తారు. మన నాలుకకి అన్నిటికంటే త్వరగా దగ్గరయ్యేది ఇదే అని నా అభిప్రాయం, మసాలా ఉంటుంది, కారం ఉంటుంది. చైనీస్ వాళ్ల ఎకానమీ రైస్ కూడా ఇదే పద్ధతి, కారం మాత్రం ఆశించకండి. ధర అడక్కుండా పెద్ద రొయ్యలు, చేప చూపించారో, చవక భోజనం కాస్తా పన్నెండు డాలర్లు దాటేస్తుంది.

పరాటాని ఇక్కడ ప్రాటా అంటారు, రాత్రంతా తెరిచి ఉంచే ప్రాటా షాపులు కూడా కొన్ని ఉన్నాయి. ఏమీ లేని సాదాది కావాలంటే కోసాంగ్ అనాలి. దానితో అడక్కుండా ఇచ్చే పులుసు చేపదో చికెన్‌దో అవ్వొచ్చు, పప్పు కావాలని ముందే చెప్పండి. కాఫీకి కూడా ఈ కోసాంగ్ పనికొస్తుంది: కోపి అంటే కండెన్స్‌డ్ పాలతో, కోపి ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో, కోపి సి అంటే ఎవాపరేటెడ్ పాలతో, చివర కోసాంగ్ తగిలిస్తే చక్కెర ఉండదు, పెంగ్ తగిలిస్తే ఐసు. ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్లకి కోపి సి కొంత దగ్గర, మామూలు కోపి తీపి మనకే ఎక్కువ అనిపిస్తుంది.

రెస్టారెంట్లకి వస్తే మెనూ చివర చిన్న అక్షరాల్లో ఉండే రెండు ప్లస్ గుర్తులు చూడండి. పది శాతం సర్వీస్ చార్జి, దాని మీద తొమ్మిది శాతం జీఎస్టీ. ఇరవై డాలర్లు అనుకున్నది బిల్లులో 23.98 అవుతుంది. దీని తర్వాత టిప్ అక్కర్లేదు, ఇక్కడ ఆ అలవాటు లేదు, అమెరికా నుంచి వచ్చిన స్నేహితులు మొహమాటపడి ఇస్తుంటే ఆపండి. చైనీస్ రెస్టారెంట్లలో కూర్చోగానే వేరుశనగలు, తడి తువ్వాళ్లు వచ్చేస్తాయి. అవి ఊరికే ఇచ్చేవి కావు, వద్దంటే తీసుకెళ్లిపోతారు. మంచినీళ్లకి కూడా కొన్నిచోట్ల వేస్తారు. ఖరీదైన చోట తినాలనుంటే రాత్రి కాకుండా వారం మధ్యలో సెట్ లంచ్‌కి వెళ్లండి, అదే వంటగది, బిల్లు చాలా తగ్గుతుంది.

ఆఫీసు టీమ్ డిన్నర్ అంటే తరచూ హాట్‌పాటే. బల్ల మధ్యలో పులుసు మరుగుతుంటుంది, ఎవరికి కావాల్సినవి వాళ్లు ముంచుకుంటారు. అరలుగా ఉన్న గిన్నె అడిగి ఒక అర మీకోసం ఉంచమనండి, ముందే టీమ్‌లో చెప్పేస్తే ఎవరూ ఏమీ అనుకోరు, పుట్టగొడుగుల పులుసైనా టమాటా పులుసైనా అడుగున చికెన్ స్టాక్ ఉందేమో కనుక్కోండి. బఫేల్లో టైము పరిమితి ఉంటుంది, ప్లేట్లో వదిలేసినదానికి డబ్బులు కట్టించుకునే చోట్లూ ఉన్నాయి.

ఇంత చెప్పాక లిటిల్ ఇండియా వద్దంటానా, వెళ్లండి. 1947 నుంచి ఉన్న కోమల విలాస్‌లో దోసె తినండి, రేస్‌కోర్స్ రోడ్డులో ముత్తూస్ కర్రీలోనో బనానా లీఫ్ అపోలోలోనో చేప తలకాయ కూర తినండి, నలుగురున్నప్పుడే చెప్పండి, ఒక తలకాయ ఇద్దరికి ఎక్కువ. టెక్కా సెంటర్లో కింద తిండి స్టాళ్లు, పక్కనే కూరగాయల మార్కెట్, మునగాకు కూడా దొరుకుతుంది. గోంగూర పచ్చడితో ఆంధ్రా భోజనం పెట్టే హోటళ్లూ ఆ చుట్టుపక్కల ఉన్నాయి. ఆదివారం సాయంత్రం మాత్రం పనివాళ్లందరికీ ఉండేది అదొక్క సెలవు కాబట్టి అడుగు తీసి అడుగు వేయలేం, చిన్నపిల్లలతో అయితే శనివారం పొద్దున్నే మేలు.

టైములు కూడా చూసుకోండి. చాలా రెస్టారెంట్లు మధ్యాహ్నం రెండున్నర తర్వాత మూసి ఆరింటికి తెరుస్తాయి. హాకర్ స్టాళ్లు కొన్ని సోమవారం ఉండవు, పేరున్నవి సరుకు అయిపోగానే రెండింటికే షట్టర్ దించేస్తాయి, మొత్తం సెంటర్‌నే శుభ్రం చేయడానికి మూసే రోజులూ ఉంటాయి. ఆఫీసుల ఏరియాలో శని, ఆదివారాలు వెళ్తే కుర్చీలు తిరగేసి ఉంటాయి. చైనీస్ కొత్త సంవత్సరానికి రెండు మూడు రోజులు సగం ఊరు మూతపడుతుంది, ఆ వారానికి ఇంట్లో బియ్యం, పప్పు సరిపడా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.