ట్రయల్స్ రైడింగ్ – నాలుగో పాఠం: దుంగ కన్నా ముందు క్లచ్ వేలు

ట్రయల్స్ అంటే కాలు దించకుండా, నెమ్మదిగా, అడ్డంకులు దాటే మోటార్‌సైకిల్ ఆట. మూడో పాఠంలో ఇచ్చిన సాధన చాలామందికి కుదరలేదు. హ్యాండిల్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడి, కాలు దించకుండా చిన్న వృత్తం తిరగమన్నాను. మీరు రాసి పంపిన ఇబ్బందులన్నీ చదివాక ఈసారి దుంగ దాటే పాఠాన్ని సగానికి తగ్గించాను. వృత్తంలో తడబడ్డ కారణమే దుంగ దగ్గర కింద పడేస్తుంది. అందుకని ముందు పాత లెక్క తేల్చుకుందాం.

మీ ఇబ్బందులు మూడు రకాలుగా ఉన్నాయి. బండి సగం తిరిగాక లోపలి వైపుకు ఒరిగిపోతోందని కొందరు రాశారు. బండి కుదుపులు తిని ఆగిపోతోందని ఇంకొందరు. ఒక్క వేలితో క్లచ్ పట్టమంటే వేలు నొప్పి పుట్టి, చివరికి నాలుగు వేళ్ళూ వాడుతున్నామని మిగతావాళ్ళు. మొదటి రెండూ త్వరగా తేలిపోతాయి. మూడోది మాత్రం వదిలేది లేదు.

ఒరిగిపోవడం గురించి. రోడ్డు మీద వేగంగా తిరిగేటప్పుడు బండితో పాటు మనమూ లోపలికి వంగుతాం. నడక వేగంలో అలా చేస్తే బండిని నిలబెట్టే బలం ఏదీ ఉండదు. ఎడమకు తిరుగుతుంటే బండి ఎడమకు వంగాలి, మీ నడుము కుడి వైపు బయటికి రావాలి, బరువంతా కుడి ఫుట్‌రెస్ట్ మీద పడాలి. ఎడమ మోకాలు వదులుగా మడిచి ఉండాలి. చూపు ముందు చక్రం మీద కాదు, వృత్తంలో పావు వంతు ముందు ఉండాలి. అంతే.

కుదుపుల గురించి. మీరు వేగాన్ని రేజుతో నడపాలని చూస్తున్నారు. రేజు తగ్గిస్తే ఇంజన్ పట్టేసి బండి తల ఊపుతుంది, పెంచితే ముందుకు దూకుతుంది. రేజును చాలా కొద్దిగా ఇచ్చి అక్కడే స్థిరంగా ఉంచండి. వెనక బ్రేకు మీద పాదం తేలిగ్గా ఆనించి ఉంచండి. వేగాన్ని క్లచ్‌తో నడపండి. క్లచ్ పూర్తిగా వదిలేది ఎప్పుడూ ఉండదు, పట్టు మొదలయ్యే చోట అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది. అసలైన ట్రయల్స్ బైక్‌లో మొదటి గేరు నడక వేగంలోనే లాగుతుంది. మనం నడిపే హీరో ఎక్స్‌పల్స్‌లో, బుల్లెట్‌లో అలా కాదు, క్లచ్ జారనివ్వక తప్పదు. నేనైతే ముందు స్ప్రాకెట్ (చెయిన్‌ను తిప్పే పళ్ళ చక్రం) ఒక పన్ను తక్కువది వేయిస్తాను. హైవే మీద బండి కాస్త ఎక్కువ అరుస్తుంది, కానీ సాధనలో సగం కష్టం తగ్గుతుంది.

ఈ బళ్ళలో క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి కాసేపు జారినా తట్టుకుంటాయి. పది నిమిషాల సాధన, తర్వాత ఇంజన్ ఆపి పది నిమిషాల విరామం. కాలిన వాసన వస్తే ఆ రోజుకు చాలించండి. ఇంజన్ ఆయిల్ కంపెనీ చెప్పిన గడువులో సగానికే మార్చండి.

ఇక వేలు.

ఒక్క వేలు సరిపోదని రాసినవాళ్ళు పంపిన ఫోటోలన్నిటిలో ఒకే సంగతి కనిపించింది. లివర్ షోరూమ్ నుంచి వచ్చిన చోటే ఉంది. గ్రిప్పు మీద చెయ్యి వేస్తే చూపుడు వేలు లివర్ మొదలు దగ్గర, అంటే అది తిరిగే బోల్టుకు దగ్గరగా పడుతోంది. తలుపును కీళ్ళ దగ్గర నెట్టి చూడండి, తర్వాత గడియ ఉన్న అంచు దగ్గర నెట్టి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. కంపెనీ ఆ లివర్‌ను నాలుగు వేళ్ళతో పట్టేవాళ్ళ కోసం అక్కడ పెట్టింది. మీరు అదే చోట ఒక్క వేలు, అదీ తప్పు చోట పెట్టి, వేలికి బలం లేదంటున్నారు.

కాబట్టి లివర్‌ను పట్టి ఉంచే క్లాంపు బోల్టులు వదులు చేసి, దాన్ని హ్యాండిల్ మధ్య వైపుకు జరపండి. గ్రిప్పును మామూలుగా పట్టుకున్నప్పుడు చూపుడు వేలు లివర్ చివర గుండుకు కాస్త ఇవతల పడే దాకా జరపాలి. సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు సరిపోతుంది. స్విచ్‌ల డబ్బా అడ్డొస్తే దాన్ని కూడా లోపలికి జరపాలి. చాలా బళ్ళలో ఆ డబ్బా లోపల చిన్న పిన్ను ఒకటి హ్యాండిల్‌కు వేసిన రంధ్రంలో కూర్చుని ఉంటుంది, అందుకే కదలదు. నేను ఆ పిన్నును ఆకురాయితో అరగదీసేస్తాను. అలా చేయడం ఇష్టం లేనివాళ్ళు కొత్త చోట చిన్న రంధ్రం వేయించుకోండి.

రెండోది వంపు. సీటు మీద కూర్చుని లివర్ వంపు సరిచూడకండి. నిలబడి చూడండి. ముంజేయి, మణికట్టు, చూపుడు వేలు ఒకే గీతలో ఉండేలా లివర్‌ను కిందికి తిప్పాలి. మణికట్టు పైకి విరిచి పట్టుకుంటే అయిదు నిమిషాల్లో ముంజేయి బిగుసుకుపోతుంది. క్లాంపు బోల్టులు మరీ బిగించకండి. బండి పడినప్పుడు క్లాంపు తిరిగిపోతే లివర్ విరగదు.

మూడోది ప్లే, అంటే క్లచ్ మీద పని మొదలయ్యే ముందు లివర్ ఖాళీగా కదిలే దూరం. అన్నిటికన్నా ఎక్కువ మంది తప్పింది ఇక్కడే. చూపుడు వేలు లివర్ మీద ఉంటే మిగతా మూడు వేళ్ళు లివర్‌కీ గ్రిప్పుకీ మధ్య ఉంటాయి. లివర్ ఆ మూడు వేళ్ళకు తగిలి ఆగిపోతుంది, ఇంకా లోపలికి రాదు. ఆ లోపే క్లచ్ పూర్తిగా విడిపోవాలి. ప్లే ఎక్కువగా ఉంటే వేళ్ళకు తగిలేసరికి క్లచ్ సగమే విడుతుంది, బండి నెమ్మదిగా పాకుతూనే ఉంటుంది. ఆ పాకే బండిని ఆపడానికి మీరు కాలు దించుతున్నారు. క్లచ్ వైరు దగ్గరి నట్టు తిప్పి, లివర్ మొదలు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ప్లే మాత్రమే ఉంచండి. అసలే లేకుండా బిగిస్తే క్లచ్ ఎప్పుడూ కొద్దిగా జారుతూ ప్లేట్లు కాలిపోతాయి. సరిచూసే పద్ధతి ఇది: ఇంజన్ స్టార్ట్ చేసి, ఒక్క వేలితో లివర్‌ను వేళ్ళకు తగిలే దాకా లాగి, మొదటి గేరు వేయండి. బండి చదును నేల మీద కదలకుండా నిలబడాలి.

క్లచ్ వైరులో నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ పోయండి. వైరు ఎక్కడా పదునుగా వంగకుండా చూడండి. ఇవన్నీ చేశాక కూడా లివర్ గట్టిగా ఉంటే వైరు మార్చండి.

కొందరు దుకాణంలో పొట్టి లివర్లు కొని బిగించారు. వాటిని తీసేయండి. పొట్టి లివర్ చివర, తిరిగే బోల్టుకు ఇంకా దగ్గర. చూడడానికి పోటీ బండిలా ఉంటుంది గానీ వేలికి పని పెరుగుతుంది. పొడవు లివర్‌ను లోపలికి జరపడమే దారి.

ఇంత చెప్పడానికి కారణం, ఈ ఆట మొత్తం ఆ ఒక్క వేలి మీదే నడుస్తుంది. స్పెయిన్ ట్రయల్స్ రైడర్ టోనీ బౌ 2007 నుంచి 2024 దాకా ప్రతి ఏడాదీ ఆరుబయట, ఇండోర్ ప్రపంచ టైటిళ్ళు రెండూ గెలిచాడు. అతని వీడియో చూసేటప్పుడు గెంతే బండిని వదిలేసి ఎడమ చూపుడు వేలిని చూడండి. అది లివర్ మీద నుంచి తీయడు.

బండి బరువు గురించి కూడా చాలామంది అడిగారు. ట్రయల్స్ బైక్ 70 కిలోల అటూ ఇటూ ఉంటుంది, మా బండి దానికి రెట్టింపు పైనే, ఎలా అని. బరువు నిజమే. కానీ స్కాట్లండ్‌లో ఆరు రోజులు జరిగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌ను జానీ బ్రిటెన్ 1952లోనూ 1957లోనూ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మీద గెలిచాడు. వెనక స్వింగ్ ఆర్మ్ సస్పెన్షన్‌తో బుల్లెట్ 1948లో మొదట బయటికి వచ్చింది కూడా కోల్‌మోర్ కప్ అనే ట్రయల్‌లోనే. బ్రిటిష్ ఫోర్ స్ట్రోకు బళ్ళ ఏలుబడి 1965లో సామీ మిల్లర్ స్పెయిన్ నుంచి వచ్చిన తేలికైన టూ స్ట్రోకు బుల్టాకోతో అదే పోటీ గెలిచాక చెదిరింది. మీ బుల్లెట్ వృత్తం పెద్దదిగా ఉంటుంది, క్లచ్ పని మాత్రం అదే.

ఇంకొక మాట. "ఒక్కసారే కాలు దించాను, దాదాపు అయినట్టే" అని రాయకండి. ట్రయల్స్‌లో వేగానికి కాదు మార్కులు. కాలు దించకుండా సెక్షన్ (గీతలు గీసి పెట్టిన అడ్డంకుల దారి) దాటితే 0, ఒకసారి దించితే 1, రెండుసార్లకు 2, మూడు అంతకన్నా ఎక్కువైతే 3. పడిపోయినా, గీత దాటినా 5. తక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. స్కాటిష్ పోటీలో రోజుకు దాదాపు 30 సెక్షన్లు ఉంటాయి. ఆరు రోజుల తర్వాత తేడా ఒకటి రెండుసార్లు కాలు దించిన దగ్గరే తేలొచ్చు. "దాదాపు"కు అక్కడ గడి లేదు.

ఇప్పుడు దుంగ.

జానెడు మందం కన్నా కాస్త తక్కువ ఉన్న తాటి దుంగ తెచ్చుకోండి. దొర్లకుండా రెండు వైపులా రాళ్ళు పెట్టండి. పొడిగా ఉండాలి. టైర్లలో గాలి తగ్గించండి గానీ ట్రయల్స్ వాళ్ళను చూసి కాదు. వాళ్ళు వెనక 4, 5 పీఎస్ఐ పెడతారు, వాళ్ళ వెనక టైరు ట్యూబ్‌లెస్. ట్యూబ్ ఉన్న మన టైర్లలో అంత తగ్గిస్తే దుంగ అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబ్ నలిగి పంచరవుతుంది, టైరు రిమ్ము మీద తిరిగి వాల్వు తెగుతుంది. 15కు తగ్గకండి.

దుంగకు నిట్టనిలువుగా, నడక వేగంలో రండి. నిలబడి మోకాళ్ళు వదులుగా. ముందు చక్రం దుంగకు మూరెడు దూరంలో ఉండగా మోకాళ్ళు మడిచి బండిని కిందికి నొక్కండి. ముందు ఫోర్కులు పైకి లేస్తున్న క్షణంలోనే చిన్న రేజు ఇచ్చి క్లచ్ వేలు వదలండి. ముందు చక్రం లేస్తుంది. చేతులతో హ్యాండిల్ లాగొద్దు, లాగితే మీరు వెనక్కి వాలిపోతారు. చక్రం దుంగ మీదుగా ఎగరక్కర్లేదు, పై అంచును తాకితే చాలు. తాకగానే రేజు తగ్గించి క్లచ్ లాగండి.

ముందు చక్రం అవతల దిగాక, వెనక చక్రం దుంగను చేరే ముందు రెండో చిన్న రేజు. వెనక చక్రం దుంగకు తగిలే సమయానికి క్లచ్ లోపలికి లాగేసి ఉండాలి. ఆ క్షణంలో చక్రానికి బలం ఉంటే దుంగ మీద గిర్రున తిరిగి పక్కకు జారుతుంది. బలం లేకపోతే ఉన్న ఊపుతో ఎక్కేస్తుంది. మీ బరువు ముందుకు తెచ్చి కాళ్ళు వదులుగా ఉంచితే వెనక భాగం తనంతట తానే లేస్తుంది. రెండో రేజు మర్చిపోయినవాళ్ళకు ఇంజన్ కింది రేకు దుంగ మీద కూర్చుంటుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు గ్రానైట్ బండలు దగ్గర్లోనే ఉంటాయి. వాటి మీద నేర్చుకోవాలని మీకు అనిపిస్తుంది. ఎండిన గ్రానైట్ టైరును గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి క్లచ్ ఆలస్యంగా లాగినా తప్పు బయటపడదు. దుంగ మీద వెంటనే బయటపడుతుంది. అందుకే దుంగతో మొదలు. ఏటవాలుగా పడి ఉన్న వేరు, తడి దుంగ, రెండు దుంగలు పక్కపక్కన, ఇవన్నీ తర్వాత.

బండి లేని రోజుల్లో సైకిల్ మీద నిలబడే సాధన చేయండి. హ్యాండిల్ తిప్పి, ముందు బ్రేకు మీద వేలు పెట్టి, కదలకుండా. స్పెయిన్ బైక్ కంపెనీ మోంటెసాలో పనిచేసిన పెరె పి 1970లలో తన కొడుకు ఓట్ కోసం ఇంజన్ లేని ట్రయల్స్ ఆటను మొదలుపెట్టాడు. ఆ కొడుకు తర్వాత ప్రపంచ విజేత అయ్యాడు. టోనీ బౌ కూడా సైకిల్ ట్రయల్స్ నుంచే వచ్చాడు.

ఈ వారం సాధన కష్టంగానే ఉంటుంది. సున్నంతో గీతలు గీసి ఒక సెక్షన్ తయారు చేయండి. ఎడమకు పూర్తి వృత్తం, దుంగ, కుడికి పూర్తి వృత్తం, అదే దుంగ మళ్ళీ. ఎడమ ఒక్కటే తిరిగితే లెక్కలోకి రాదు, చాలామంది కుడిని తప్పించుకుంటారు. పదిసార్లు చేయండి. ప్రతిసారికీ ఇంట్లో ఒకరిని కాగితం ఇచ్చి నిలబెట్టి, పైన చెప్పిన లెక్కతో మార్కులు రాయించండి. మీరే రాసుకోవద్దు. పది సార్లకు కలిపి మొత్తం పది దాటితే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. వరుసగా మూడు రోజులు పదిలోపు వచ్చాకే అయిదో పాఠం చదవండి. అది బండ ఎక్కడం గురించి. అప్పటికి ఇంజన్ కింది రేకు బోల్టులు బిగించి, ముందు బ్రేకు లివర్‌ను కూడా క్లచ్ లివర్ లాగే లోపలికి జరిపి ఉంచండి.