కెర్నల్ కంపైల్‌కు ముందు అన్నీ గుచ్చి పెట్టుకోండి

పాత కంప్యూటర్‌లో లినక్స్ కెర్నల్‌ను, అంటే ఆ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌ను, సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్లకు (సోర్స్ కోడ్ నుంచి తయారు చేసుకునేవాళ్లకు) ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ కమాండ్ నిజంగా వరం. అక్కర్లేని డ్రైవర్లన్నీ వదిలేస్తుంది, టైమ్ బాగా కలిసొస్తుంది. కానీ ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లనే (డ్రైవర్ల లాంటి కెర్నల్ ముక్కలనే) ఉంచుతుంది.

తిరుపతి కొర్లగుంటలో మా తమ్ముడి జిరాక్స్ షాపు సిస్టమ్‌కు అలాగే చేశాను. మర్నాడు పొద్దున్నే ఒక పాప హాల్ టికెట్ ప్రింట్ కోసం పెన్ డ్రైవ్ ఇస్తే తెరుచుకోలేదు. పెన్ డ్రైవ్‌లోని ఫైళ్లు చదవడానికి కావాల్సిన వీఫ్యాట్ మాడ్యూలే లేదు! పరీక్ష టైమ్, పాపం ఆ పిల్లకు ఎంత టెన్షనో.

అందుకే వైఫై డాంగిల్, వెబ్‌క్యామ్ అన్నీ ముందే గుచ్చండి. పెన్ డ్రైవ్‌ను గుచ్చితే చాలదు, తెరిచి ఒక ఫైల్ చూడండి. అలా మౌంట్ అయితేనే (సిస్టమ్ దాన్ని తెరిస్తేనే) వీఫ్యాట్ లాంటి ఫైల్ సిస్టమ్ మాడ్యూల్ లోడ్ అవుతుంది. లోడ్ అయిన మాడ్యూళ్ల జాబితా చూపే ‘ఎల్ఎస్‌మాడ్’లో పేర్లు కనిపించాకే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కమాండ్ ఇవ్వండి. పాత కెర్నల్‌ను మాత్రం గ్రబ్ మెనూలోంచి (కంప్యూటర్ ఆన్ చేయగానే కెర్నల్‌ను ఎంచుకునే మెనూ) తీసేయకండి, ఆ రోజు షాపు నడిచింది దాంతోనే.